బెజ్జాల ఇత్తడి దీపకుంభము : పుట్టుచోటును గూర్చిన విచారము

పండ్రెండేండ్ల క్రిందట నేనొక వ్యాసమున, గోదావరి డెల్టాలోని ఒక గ్రామ శివాలయమందున్న బెజ్జాల ఇత్తడి దీపకుంభమును గూర్చి వ్రాయుచు, అది శాస్త్రోక్తమైన ఆకాశదీప పాత్రయే యనియు, కావున బహుశతాబ్దుల ప్రాచీనమనియు నిర్ణయించితిని. అందులకు నేను చూపిన ప్రమాణము నిర్ణయసింధువులోని ఒక్క పదము. ఆ పదమునకు నేను చెప్పిన అర్థము తప్పు. తప్పు పుస్తకమున మాత్రమే ఉండినచో ఈ వయసున మరల కలము పట్టుటకు తొందరపడియుండను. కాని ఆ వ్యాసము ఊరిలో వివాదమునకు కారణమైనది.

జరిగినదేమనగా, పాతవస్తువులు కొనుగోలుచేయు వర్తకుడొకడు ఆ కుంభమును చూచి, ఇది మన దేశపు పని కాదు, డమాస్కసు నగరమున ఏడెనిమిది వందల యేండ్ల క్రిందట చేసినది, మంచి వెల పలుకును అని చెప్పి పోయినాడు. పరదేశపు సరుకైనచో దేవునికక్కరలేదు, అమ్మి ఆ సొమ్ముతో మండపము బాగుచేయింతమని కొందరనిరి. మరికొందరు నా వ్యాసపు ప్రతిని చేతబట్టుకొని, ఇంత ప్రాచీనమైన వస్తువును ధ్వజస్తంభమునకు కట్టి గాలికి వానకు వదలరాదు, ఇనుపపెట్టెలో పెట్టి తాళము వేయవలెననిరి. ఇరుపక్షముల వాదములోను కుంభము వెలుగుట మానినది. రెండు కార్తికములు ధ్వజస్తంభముపై విద్యుద్దీపము వ్రేలాడినది. మూడవ యేట అర్చకులు నన్ను పిలిపించిరి.

మొదట వస్తువు స్వరూపమును చెప్పెదను. పూర్వవ్యాసమున నేనీ పని సరిగా చేయలేదు. ప్రమాణవచనము దొరికినదన్న సంతోషమున ప్రమేయమును చూచుట మరచితిని. కుంభము జానెడు వ్యాసముగల గోళము. రెండు అర్ధగోళములు ఒకవైపు కీలుతోను, ఎదురువైపు కొక్కెముతోను కలిసియున్నవి. పై సగమునకు శిఖరమున దళసరి ఉంగరము కలదు. ఉంగరము చుట్టును రెండంగుళముల మేర బెజ్జములు లేవు. దానికి దిగువ చిన్న గుండ్రని బెజ్జములు వరుసలుగా ఉన్నవి. నడుము పట్టీకి క్రింద ఎనిమిది రేకుల పువ్వులు చుట్టును తిరిగియున్నవి. అడుగునకు దగ్గరగా బొటనవ్రేలు దూరునంతటి పెద్ద బెజ్జములు మూడు. లోపల అడుగున మూడు చీలలతో బిగించిన ప్రమిద. అక్షరము గాని, వెండి పొదుగుడు గాని, దేవతామూర్తి గాని ఎక్కడను లేదు.

డమాస్కసు పక్షమును ముందుగా విచారింతము. అది ఆధారము లేని మాట కాదు. బెజ్జాల ఇత్తడి గోళములకు సిరియా దేశము ప్రసిద్ధమే. 13వ శతాబ్దిలో మమ్లూకు ప్రభువైన బదరుద్దీన్ బైసరీ పేర డమాస్కసు పనివారు చేసిన గోళమొకటి లండనులోని బ్రిటిషు మ్యూజియమున నున్నది. దానికిని రెండు అర్ధగోళములు, ఒళ్ళంతయు బెజ్జములు. వర్తకుడు దాని ఛాయాచిత్రమునో, అట్టిదానినో చూచి యుండును. అయితే ఆ గోళము లోపల ఒకదానిలో నొకటి తిరుగు వలయములు కలవు. గోళమును నేలపై దొర్లించినను నడిమి గిన్నె ఒరగదు. అది ధూపమునకో, చేతులు కాచుకొనుటకో ఏర్పడినది. చీనా దేశమున టాంగు రాజుల నాటి వెండి ధూపగోళములకును ఈ వలయములే ఉన్నవి. షియాన్ నగరములోని హెజియాత్సున్ వద్ద 1970లోను, ఫామెన్ ఆలయపు నేలమాళిగలో 1987లోను అట్టివి బయటపడినవి. మన కుంభమునకు వలయములు లేవు, వలయములను కీలించిన గుర్తులును లేవు. ప్రమిద అడుగునకు అంటుకొనియున్నది. దీనిని దొర్లించినచో నూనె పోవును. ఇది నిటారుగా వ్రేలాడుటకు మాత్రమే తగినది. అదిగాక, సిరియా గోళముపై బెజ్జములు గల భాగమెంత ముఖ్యమో, వెండి పొదిగిన అక్షరములు, పతకములును అంత ముఖ్యము. పొదుగుడు ఊడిపోయినను గాడులు మిగులును. ఇక 19వ శతాబ్ది చివర డమాస్కసు, కైరో నగరములలో యాత్రికులకు అమ్ముటకై పాత పనిని అనుకరించి బోలెడు బెజ్జాల దీపములు చేసిరి. వానిపై అరబ్బీ అక్షరములు లేకుండుట అరుదు. ఈ శాఖయును మన కుంభమునకు సరిపడదు.

ఇప్పుడు నా తప్పునకు వత్తును. కమలాకరభట్టు 1612లో రచించిన నిర్ణయసింధువునందు కార్తిక ప్రకరణమున ఆకాశదీపవిధి కలదు. అందు నిర్ణయామృతము ద్వారా వచ్చిన పుష్కరపురాణ వచనము ఒకటి, హేమాద్రి ద్వారా వచ్చిన ఆదిపురాణ వచనములు కొన్ని ఉన్నవి. మొదటిది తులామాసమున సాయంకాలమందు నువ్వులనూనెతో నెలరోజులు ఆకాశదీపము పెట్టవలెనని చెప్పును. రెండవది విధానమును చెప్పును. సూర్యుడస్తమించు వేళ ఇంటికి దగ్గరలో యజ్ఞీయ వృక్షపు కొయ్యను యూపాకారముగా, మనుష్య ప్రమాణమున నాటవలెను. దాని తలపై రెండు మూరల పొడవుగల నాలుగు పట్టికలను ఎనిమిది రేకుల ఆకారము వచ్చునట్లు అమర్చవలెను. నడుమ కర్ణికలో పెద్ద దీపము, రేకులపై ఎనిమిది దీపములు ఉంచవలెను. ఈ పట్టికలను వర్ణించుచోట ఛిద్రశబ్దము వచ్చును. నేను ఆ ఛిద్రమును దీపపాత్రకు చేర్చి, బెజ్జాల కుంభమునకు పురాణసమ్మతి దొరికినదని మురిసితిని. అష్టదళ శబ్దము కూడ కుంభముపైనున్న ఎనిమిది రేకుల పువ్వులకు సరిపోయినట్లు తోచినది. అన్వయము చూచినచో ఛిద్రవిశేషణము పట్టికలది. నాలుగు పట్టికలు ఒకదానిపై నొకటి అడ్డముగా చేరి ఎనిమిది దిక్కులకు చాచవలెననిన, నడుమ బెజ్జము వేసి స్తంభపు కొనకు తొడుగవలెను. ఇది వడ్రంగి బెజ్జము, దీపపు బెజ్జము కాదు. విశేషణ విశేష్యముల లింగవచనములు పాఠశాలలో మొదటి యేడు పిల్లవాడు చూచుకొనును. నేను చూచుకొనలేదు.

కనుక శాస్త్రమున చెప్పిన ఆకాశదీపము తెరచిన దీపముల కొయ్యపద్మము. దానియందు కుంభము లేదు. మనిషియెత్తు స్తంభముపై, ఇంటికి దగ్గరగా, గాలి మాటున పెట్టు దీపమునకు మూత అక్కరలేదు. తెలుగునాట శివాలయములలో దీపము మనిషియెత్తును దాటి ధ్వజస్తంభపు కొనకు పోయినది. అక్కడ కార్తికపు గాలికి తెరచిన వత్తి గడియయైనను నిలువదు. అందుచేత ఆచారము బెజ్జాల పాత్రను తెచ్చుకొన్నది. ఇట్టిచోట్ల ఆచారమునకు వచనము వెదకి అతికించుట మా తరమువారికి అలవాటు. వచనము లేనంత మాత్రమున ఆచారము తక్కువది కాదు గదా!

అట్లని సంస్కృతమున బెజ్జాల దీపకుంభమునకు ఆధారమే లేదనరాదు. ఉన్నది ధర్మశాస్త్రమున గాదు, వేదాంతమున. శంకరభగవత్పాదుల పేర ప్రసిద్ధమైన దక్షిణామూర్తి స్తోత్రమందలి నాలుగవ శ్లోకము, జ్ఞానము కన్ను మొదలగు ఇంద్రియముల గుండా బయటికి ప్రసరించు విధమును, అనేక ఛిద్రములుగల ఘటము లోపలి పెద్ద దీపపు కాంతితో పోల్చినది. ఇక్కడ ఛిద్రము నిస్సందేహముగా ఘటముది. ఈ శ్లోకమును బాల్యమునుండి రోజును చదువుచు, కుంభమును గూర్చి వ్రాయునాడు నేను దీనిని తలచుకొనలేదు. వేదాంతపు ఘటము వేరు, ఇత్తడి ఘటము వేరన్న భావము లోపల ఉండి యుండును.

ఈ శ్లోకము చరిత్రకు ఎంతవరకు పనికివచ్చును? న్యాయసూత్రముల ప్రకారము లౌకికునకును పరీక్షకునకును సమానముగా తెలిసిన విషయమే దృష్టాంతము కాగలదు. వినువానికి తెలియని వస్తువును చూపి తెలియని విషయమును బోధింపలేము. కావున ఆ స్తోత్రము పుట్టినచోట బెజ్జాల కుండలో దీపము పెట్టుట సామాన్యులెరిగిన వాడుకయే. అది మట్టికుండయా, లోహపు కుండయా అన్నది ఘటశబ్దము తేల్చదు. మట్టిదే యని నా ఊహ, ఏలయన ఆ వాడుక దేశమున నేటికిని మట్టికుండలలోనే మిక్కిలి నిలిచియున్నది. గుజరాతులో నవరాత్రులకు పెట్టు గర్బో బెజ్జాల మట్టికుండయే. ఆ పేరు గర్భదీప శబ్దభవమని పెద్దలందురు. మార్వాడలో చైత్రమాసమున బాలికలు ఘుడ్లా యను బెజ్జాల కుండను దీపముతో తలకెత్తుకొని పాడుచు తిరుగుదురు. మిథిలలో దసరా రాత్రులందు ఝిఝియా నాట్యమునకు స్త్రీలు అట్టి కుండలనే ధరింతురు. ఇన్ని దూరదేశములలో కనబడు వస్తువునకు డమాస్కసు నుండి రావలసిన పని లేదు. రూపము మనది, పాతది. ఈ కుంభము పాతదా యన్నది వేరు ప్రశ్న. పూర్వవ్యాసమున ఈ రెంటిని కలిపివేయుటయే నా అసలు దోషము. ఛిద్రశబ్దపు తప్పు దానికి తోడైనది.

ఇక లోహము. అమరకోశము ఇత్తడికి రీతి, ఆరకూటము అను పేర్లు చెప్పినది. రసరత్నసముచ్చయము రీతిక, కాకతుండి యని ఇత్తడిని రెండు విధములు చేసి, కాల్చి పులికడుగులో ముంచినచో మొదటిది రాగిచాయ కనబరచును, రెండవది నల్లబడును అని పరీక్షను కూడ చెప్పినది. ఈ పరీక్ష ఇంపైనదే గాని ఆలయపు వస్తువుపై చేయదగినది కాదు. నేటివారు తుత్తునాగపు పాలును చూతురు. రాగిని తుత్తునాగపు ఖనిజముతో, బొగ్గుతో కలిపి మూసలో కాల్చు పాతపద్ధతిలో ఇత్తడియందు తుత్తునాగము ఇంచుమించు 30 శాతమును దాటుట అరుదు. దాటినచో విడిగా తీసిన తుత్తునాగమును కలిపిరని ఊహింతురు. ఇంగ్లండులో విలియం చాంపియన్ తుత్తునాగమును బట్టీపట్టు పద్ధతికి హక్కుపత్రము పొందినది 1738లో. కాని రాజస్థానములోని జావర్ గనులవద్ద అంతకు శతాబ్దుల ముందే మట్టి మూసలలో ఆ పని పెద్దయెత్తున జరిగినది. తక్షశిలలో భీర్ దిబ్బయందు దొరికిన ఒక పాత్రలోనైతే 34 శాతమునకు పైగా ఉన్నది, అది క్రీస్తుపూర్వపుది. కాబట్టి ఐరోపా వస్తువునకు చెప్పు లెక్క మన వస్తువునకు పట్టదు. ఆ కారణముచే పాళ్ళ పరీక్షకు నేను ప్రాధాన్యమీయలేదు.

ఇక్కడ విద్యార్థుల కొరకు ఒక మాట. లోహపు పనికి మానసోల్లాసమును చూడుడని చెప్పినచో కొందరు దక్షిణామూర్తి స్తోత్రముపై సురేశ్వరుల పేరనున్న మానసోల్లాస వార్తికమును తెచ్చిపెట్టుచున్నారు. మైనపు అచ్చుతో పోతపోయు విధానమును చెప్పినది కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని మానసోల్లాసము. అభిలషితార్థచింతామణి యని దానికి మరొక పేరు. పన్నెండవ శతాబ్దిది. మన ప్రస్తావమున రెండు గ్రంథములును ఒకేచోట తగులుట చిత్రమే. అయితే సోమేశ్వరుని పోతవిధానము మన కుంభమునకు వర్తింపదని తరువాత తెలిసినది.

ఎట్లు తెలిసినదనగా, ఈ మారు నేను ఒంటరిగా చూడలేదు. ఆ ప్రాంతమున తాతతండ్రుల నాటినుండి పాత్రలు చేయు కంచరి కుటుంబపు వృద్ధునొకనిని వెంటబెట్టుకొని పోతిని. ఆయన కుంభమును విప్పి, లోపల వ్రేలు త్రిప్పి, "పంతులుగారూ, ఇది పోత పని కాదండి, రేకు పని. బెజ్జాలు బయటనుంచి కొట్టారండి. లోపల వేలు పెట్టండి, గీరుకుంటుంది" అనెను. నేను వ్రేలు పెట్టితిని. గీరుకొన్నది. పోతలో వచ్చిన బెజ్జమునకు అంచులు లోపల వెలుపల నునుపుగా ఉండును. ఇక్కడ పోగరముతో బయటినుండి కొట్టగా లోపలివైపు అంచు లేచియున్నది. బయట మాత్రము ఆకురాయితో రాచిరి. పువ్వులు వృత్తలేఖినితో గీసిన గీతలపై పడినవి, ఆ గీతలు వెలుతురున ఇప్పటికిని సన్నగా కనబడుచున్నవి. ఒకచోట చుట్టు ముగియునప్పటికి చోటు చాలక చివరి పువ్వునకు ఏడు రేకులే వేసినాడు. అష్టదళ సిద్ధాంతము చేసిన నేను ఆ ఏడు రేకుల పువ్వును లెక్కింపనేలేదు.

తరువాత ఆయన అంచును గోటితో తాకి రేకు మందమును చూపెను. సుత్తెతో దిమ్మనుండి సాగగొట్టిన రేకు ఒకచోట దళసరిగాను, ఒకచోట పలుచగాను ఉండును. ఈ రేకు అంతటను ఒక్క తీరు, గిన్నెగా వంచినచోట మాత్రమే సుత్తె దెబ్బలు. ఇది యంత్రపు దూలముల నడుమ సాగదీసిన రేకు. అట్టి రేకులు 19వ శతాబ్దిలో ఇంగ్లండు నుండి ఓడలమీద మన రేవులకు విరివిగా దిగినవి. కంచరులు దిమ్మను సాగగొట్టు శ్రమ తప్పినదని వానిని కొనిరి. కనుక మన కుంభము ఆ కాలమునకు ముందుది కాజాలదు. బహుశతాబ్దుల ప్రాచీనతను నేనే ఇచ్చితిని, నేనే తీసివేయుచున్నాను.

కీలును చూచి ఆయన నవ్వెను. "ఇది మా తాత ఆకువక్కల పెట్టెలకేసే కీలండి" అనెను. మూడు కణుపులు, నడుమ తీగ, తీగ కొనలు రెండును సుత్తెతో నలిపి గుండ్రన చేసినవి. ఆయన ఇంటనున్న పాత తాంబూలపు పెట్టెను తెప్పించి ప్రక్కన పెట్టగా, కీలే గాక కొక్కెపు వంపు కూడ ఒక్క చేతి పనివలె ఉన్నది. ఒక పెట్టెతో పోలిక చాలునా యని ఆక్షేపింపవచ్చును. చాలదు. దానికి తోడు వాడుక గుర్తులు కలవు. ఉంగరము లోపలి పైభాగమున కొక్కెము ఒరసి లోతైన గాడి పడినది. అది ఒకచోట కదలక వ్రేలాడినదానికి రాదు, గాలికి ఏండ్ల తరబడి ఊగినదానికి వచ్చును. కీలున్న వైపు పొట్టమీద సొట్టలు గుంపుగా ఉన్నవి, తక్కిన మూడువైపుల లేవు. తాటితో పైకి లాగునపుడు బరువైన కీలువైపు స్తంభమునకు తిరిగి కొట్టుకొనును. మేము ఖాళీ కుంభమును ధ్వజస్తంభమునకు ఎత్తి చూచితిమి, అట్లే కొట్టుకొన్నది.

అన్నిటికంటె నన్ను ఒప్పించినది గాలి పరీక్ష. ప్రమిదలో నువ్వులనూనె పోసి వెలిగించి మూసి, అడుగు బెజ్జములు మూడింటిని గోధుమపిండి ముద్దతో పూడ్చితిమి. కొంతసేపటికి జ్వాల ఎఱ్ఱబడి పొగ క్రమ్మినది. ముద్ద తీయగానే తెల్లబడినది. విసనకఱ్ఱతో విసరినను చిన్న బెజ్జముల గుండా వచ్చు గాలి చీలిపోయి వత్తిని ఆర్పలేదు. అడుగున గాలి వచ్చుటకు పెద్ద బెజ్జములు, పైన పొగ పోవుటకు చిన్నవి, శిఖరమున మంచు, చినుకు పడకుండ మూసియుంచిన చోటు. అలంకారపు పువ్వులన్నియు నడుమునకు దిగువనే, అనగా నేలనుండి తలయెత్తి చూచువానికి కనబడునట్లు. బైసరీ గోళమువలె చేతిలో పట్టుకొని చూచు వస్తువైనచో అలంకారము పై సగమునకును ఉండవలెను. గదిలో బల్లపై పెట్టుటకైనచో అడుగున కాలు ఉండవలెను. ఎత్తైన స్తంభమున, ఆరుబయట, రాత్రియంతయు వెలుగుటకు చేసిన దీపమిది. లోపలి శిఖరమున మసి పొరలు పొరలుగా గట్టిపడియున్నది.

కావున నా నిర్ణయమిది. కుంభము తెలుగునాటి కంచరి చేతి పని. గోదావరి ప్రాంతముననే కార్తిక దీపమునకై చేయించినది. కాలము 19వ శతాబ్ది ఉత్తరార్ధము మొదలు 20వ శతాబ్ది ఆరంభము వరకు ఎప్పుడైనను కావచ్చును. పెంబర్తి, బుడితి, పెరవలి దగ్గరి అజ్జరము మొదలగు పేరుగన్న ఇత్తడి ఊళ్ళలో దేనికిని దీనిని అంటగట్టను. ఆ కాలమున పెద్ద ఊరు ప్రతిదానికిని ఒక కంచరి వీధి ఉండెడిది. రేకు ఇంగ్లండుది కావచ్చును, కీలు ఆకువక్కల పెట్టెది, రూపము ఎంత పాతదో చెప్పుటకు వేదాంతపు ఘటము ఆధారము. ఈ మూడింటికి మూడు పుట్టుచోట్లు. వర్తకుడు నాలుగవదానిని కల్పించినాడు, నేను ఐదవదానిని.

ఈ మాటలు ఆలయ మండపమున చెప్పినపుడు ఇరుపక్షములవారును కొంత చిన్నబుచ్చుకొనిరి. డమాస్కసు వెల పోయినది, శతాబ్దుల గౌరవమును పోయినది. "అయితే దీనికి విలువ లేనట్టేనా అండి?" అని ఒక యువకుడడిగినాడు. నీ ముత్తాత తండ్రి దీనిని తాటితో లాగి యుండవచ్చును నాయనా, అంతకంటె దగ్గరి వస్తువు ఈ గుడిలో మరేదున్నదని అడిగితిని. అతడు ఊరకుండెను. అమ్మవలదని ఆనాడే తీర్మానించిరి. పెట్టెలో పెట్టవలెనన్న మాటయు ఆగిపోయినది, ఏలయన వందయేండ్ల పైచిలుకు గాలికి ఊగిన వస్తువు మరికొంతకాలము ఊగగలదని కంచరి వృద్ధుడు హామీ యిచ్చెను. ఉంగరపు గాడిలో క్రొత్త ఇత్తడి ముక్క అతుకుదునని ఆయన అనగా, అతుకవద్దని, బయట మరియొక వలయము తగిలింపుమని నేను వేడుకొంటిని. ఆ గాడియే గదా సాక్షి.

ఒక్క విషయమున మాత్రము ఆలస్యమైనది. మేము పోవుటకు ముందురోజు, పరీక్షకు పెద్దలు వచ్చుచున్నారని, కుంభమును చింతపండుతో తోమి బంగారమువలె మెరయించిరి. వెలుపలి కిలుము పోయినది. అందులో ఏమి సాక్ష్యమున్నదో దానితోపాటు పోయినది. అదృష్టవశమున చేయి పట్టనిచోటున లోపలి మసి మిగిలినది. బయట ఎంతయైనను తోముకొనుడు, లోపల మాత్రము తోమవలదని అర్చకులకు చెప్పి వచ్చితిని. ఆ కార్తిక శుద్ధ పాడ్యమినాడు కుంభము మరల పైకెక్కినది.